గంటలత్త రాయని ఎనిమిది

పోయిన వారం చిలమత్తూరు దగ్గర ఒక ఊరి జాతరకు పంపిన నా సామాన్లు తిరిగి వచ్చాయి. షామియానాలు, బల్లలు, గరిటెలు, గుండిగలు. పెండ్లిళ్ళకూ జాతరలకూ వంట సామాన్లు బాడుగకిచ్చే పని నాది. రాప్తాడు దగ్గర హైవే పక్కన కొట్టు. దించుతున్న గుండిగల్లో ఒకదాని నల్లటి పొట్ట మీద సుద్దముక్కతో పెద్దగా 11 అని రాసి ఉంది. పీచూ బూడిదా పట్టుకొని దాని ముందు కూర్చున్న పనామెను ఆపాను.

"అది ఉండనీలేమ్మా. మళ్ళ తోముదువు."

"ఏందన్నా ఇది? గుండిగ నంబరా?"

"కాదు. పొయ్యి మీద నుంచి దించిన గంట."

"ఎవురు రాయమన్యారు దీన్ని?"

గుండిగను నీడకు జరిపి లోపలికి పోయాను. ఆ ఊరి వాళ్ళకు ఆ అలవాటు నేర్పిన మనిషి పోయి అప్పటికి నెల దాటింది.

ఆమె పేరు చెప్పను. చెప్పినా ఇటు వైపు ఎవరికీ తెలియదు. దించిన ప్రతి గుండిగ మీదా గంట రాసేది కాబట్టి అందరికీ గంటలత్త. ఇంట్లో కోడలు కూడా ఎవరైనా వచ్చి అడిగితే "గంటలత్త లోపల ఉండాది" అనేది.

ముందు నా గురించి ఒక ముక్క చెప్పుకోవాలి. ఉన్నదానికి రెండు చేర్చకుండా నోరు విప్పలేని మనిషిని నేను. మా పొలంలో బోరు ఎంత లోతుకు పోయిందంటే కింద నుంచి ఎవరో "ఇంక చాలప్పా, మా ఇంటి కప్పు బొక్క పడతాది" అని అరిచారని చెప్పి, వినేవాళ్ళ చేత టీ తాగించుకున్న ఘనత నాది. ఇది అట్లాంటిది కాదు. చివరి రెండేళ్ళు గంటలత్త తన తలకాయ చెడిపోయిందని నమ్ముతూ బతికింది. చెడలేదు. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అది ఆమెకు చెప్పాల్సినవాణ్ణి కూడా నేనొక్కణ్ణే.

మొదటిసారి ఆమెను చూసింది బుక్కరాయసముద్రంలో, ఒక బడి గదిలో. ఊళ్ళలో అన్నదానాలకు వండేవాళ్ళు వంటవాళ్ళు కారు. సేద్యగాళ్ళు, కుట్టుమిషను ఆడవాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు, దేవుని మీద భక్తితో ఆ ఒక్క రోజుకు గరిటె పట్టుకునేవాళ్ళు. వాళ్ళకు శుభ్రంగా వండటం నేర్పాలని ఎవరో సేవాసంఘం వాళ్ళు ఆమెను పెట్టారు. అంతకుముందు ఆమె అదే బడిలో మధ్యాహ్నం భోజనం వండేది. మొగుడు పరుపులు కుట్టేవాడు, ముందే పోయాడు. ఆమె బతుకు గురించి నాకు తెలిసింది అంతే. అంతకంటే అడిగితే, "వంట గురించి అడుగు, నా గురించి ఏముండాదప్పా" అనేది.

పొట్టి మనిషి. చెంగు నడుముకు బిగించి, తలకు తెల్లగుడ్డ కట్టుకొని, మనిషి రాగానే బాగున్నావా అని కాక, "గోళ్ళు చూపీ" అని పలకరించేది. ఆ రోజు వాకిట్లో గుండిగలు దించి నిలబడ్డ నన్నూ అట్లాగే పలకరించింది.

"నేను వండేవాణ్ణి కాదత్తా. గుండిగలు మోసేవాణ్ణి."

"గుండిగను యాడ పట్టుకుంటావు?"

"అంచుకు."

"నాలుగు వేళ్ళు బయట. బొటనేలు?"

నేను గుండిగ వైపు చూశాను. నా బొటనవేలు ముప్పై ఏళ్ళుగా ఎక్కడుందో అప్పుడు తెలిసింది.

"లోపల" అంది. "చూపీ గోళ్ళు."

అంతటితో వదల్లేదు. నూనెలో కలిపిన పసుపు నా చేతులకు రాసి, కళ్ళు మూసుకొని సబ్బుతో కడుక్కోమంది. కడుక్కున్నాను. నా లెక్కన శుభ్రంగానే కడుక్కున్నాను. కళ్ళు తెరిచి చూస్తే గోళ్ళ సందుల్లో, వేళ్ళ మధ్య, మణికట్టు వెనక, అంతా పసుపే. గదిలో ఉన్న ఆడవాళ్ళందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"పెండ్లికొడుకు మాదిరి ఉండావప్పా" అంది గంటలత్త, నవ్వకుండా. "నువ్వు కడుక్కున్యానని చెప్పింది మాట. ఇది చెయ్యి. రెండూ ఒకటి కాదు, చూసినావా?"

అప్పటి నుంచి నేను సామాన్లు పంపిన చాలా చోట్లకు ఆమె వచ్చేది. నడుముకు ఒక గుడ్డ తిత్తి. అందులో సుద్దముక్కలు, గోళ్ళు తీసే కత్తెర, పసుపు పొట్లం, పాత కళ్ళద్దాల డబ్బాలో భద్రంగా వేడి చూసే కడ్డీ. ఉడుకుతున్న సాంబారులో ఆ కడ్డీ ముంచి, తల వాల్చి అంకె కోసం చూస్తుంటే జిల్లా ఆసుపత్రి నర్సమ్మ జ్ఞాపకం వచ్చేది. చుట్టూ ఉన్నవాళ్ళకు అదొక వేడుక.

"ఏమత్తా, సాంబారుకు జరమొచ్చిందా?"

"రావల్ల. దానికి రాకుంటే రేపు నీకొస్తాది."

గరిటె తిప్పుతూ తల గోక్కునేవాడి చేతిలోంచి గరిటె లాక్కునేది. పచ్చి కూరగాయలు తరిగిన కత్తిపీటతో కొబ్బరి తరగబోతే కత్తిపీట మీద కాలు పెట్టి నిలబడేది. ఒక పెండ్లిలో అయితే, నిన్నటి పెరుగన్నం పర్వాలేదు వడ్డిస్తామన్న పెండ్లి పెద్దలతో వాదన పెట్టుకోలేదు. పోయి ఆ గుండిగ మూత మీద కూర్చుంది.

"లే అత్తా, జనం చూస్తాండారు."

"చూడనీ. మీరు పోయి గుంత తవ్వండి. అప్పుడు లేస్తా."

చివరికి పెండ్లికూతురు మేనమామ పార తెచ్చుకున్నాడు.

అంత గట్టిగా పారబోయించిన మనిషి, పారబోసిన రోజు మాత్రం తినేది కాదు. ఎంతమంది బతిమాలినా విస్తరి ముందు కూర్చునేది కాదు. అన్నం గుంతలో వేసి మట్టి కప్పుతుంటే ఆ పక్కనే నిలబడి పెదవులు కదిలించేది. దువా చదువుతుందో, వండినవాళ్ళను తిడుతుందో ఎవరికీ తెలియదు. వానలు లేని ఏళ్ళలో గంజి కోసం గిన్నె పట్టుకొని వరసలో నిలబడ్డ పిల్ల ఆమె. ఆ ఒక్క ముక్క మాత్రం ఎప్పుడో తనే చెప్పింది, అదీ నేను అడగకుండా. మిగిలిన రోజుల్లో కడపటి పంక్తిలో, అందరి తర్వాత కూర్చునేది. వండినవాళ్ళు అందరికంటే వెనక తినాలని, తింటే అడుగుబొడుగు తినాలని ఆమె పట్టు.

నా కతలు ఆమెకు ఇష్టం. ఇష్టమని ఒప్పుకునేది కాదు కానీ, పని లేనప్పుడు, "ఏమప్పా, ఈ మద్దె ఏమీ జరగలేదా?" అని అడిగేది. జరగలేదా అంటే అబద్ధమేదైనా చెప్పమని. ఒకసారి పాయసం మరిగే లోపల చెప్పాను: మా తాత కాలంలో మా దగ్గర ఒక గుండిగ ఉండేది, ఎంత పెద్దదంటే ఒక పెండ్లిలో వంటాయన చేతిలోని గరిటె సాంబారులో పడిపోతే, అది వెతకడానికి నిచ్చెన వేసుకొని లోపలికి దిగాడు; వెతికి వెతికి పైకి వచ్చేసరికి పెండ్లికూతురు బిడ్డకు పేరు పెడుతున్నారు; వచ్చినవాడు ఊరికే ఉండకుండా అదే సాంబారు ఆ పంక్తికి వడ్డించాడు.

చుట్టూ అందరూ నవ్వారు. గంటలత్త కళ్ళు పెద్దవి చేసింది.

"అదే సాంబారా? మళ్ళ కాంచకుండానే?"

"అదేనత్తా."

"ఏడాది సాంబారు వడ్డిస్తా ఉంటే మీ తాత చూస్తా కూర్చున్యాడా? నాలుగు గంటలకే నేను ఒప్పుకోను!"

అదీ ఆమె. నిచ్చెన సంగతి నమ్మింది, గుండిగ కొలతలు నమ్మింది, ఆ వడ్డన మాత్రం ఆమెకు మింగుడు పడలేదు.

నాలుగు గంటలు. ఆమె శాస్త్రమంతా ఆ నాలుగు గంటల్లో ఉండేది. పొయ్యి దించాక నాలుగు గంటల లోపల వడ్డించాలి, లేదంటే మళ్ళీ బుడగలు వచ్చేదాకా మరిగించాలి, అదీ కాదంటే గుంత. మా ఎండల్లో పదిన్నరకే రేకుల మీద చెయ్యి పెట్టలేం, గుండిగలోని పాయసం ఎంతసేపు నిలుస్తుంది? అందుకే దించీ దించగానే తిత్తిలోంచి సుద్దముక్క తీసి మసి పొట్ట మీద గంట రాసేది. గుండ్రంగా, బడిపిల్ల రాతలాగా, ఒక్కొక్క అంకె అరచేయంత.

ఇప్పుడు మా ఊరి జాతర సంగతి.

మా ఊళ్ళో ఒక కట్టు ఉంది. జాతర రోజు వండినదేదీ అమ్మవారికి నైవేద్యం కాకముందు ఎవరూ రుచి చూడకూడదు, వాసన కూడా పట్టకూడదు. ఉప్పు తక్కువైందో, పాలు విరిగాయో, అమ్మవారికే ముందు తెలియాలి. గంటలత్త కడ్డీ తీసిన రోజు మా పెద్దాయన ఒకరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు. అదీ ఎంగిలే."

"కడ్డీకి నోరు లేదు కదన్నా. ముట్టుకుంటాది, అంతే."

"ముట్టుకున్యా ఎంగిలే."

"పోనీ, నేను సాయిబులోళ్ళ మనిషిని, మీ కట్టులో లేను కదా. ఒక గరిటె పక్కకు తీసియ్యండి, ఆడ చెట్టు కింద కూచోని నేను రుచి చూస్తా. తప్పుంటే నాకే తగుల్తాది."

వేరే ఊళ్ళలో ఆ మాటకు ఒప్పుకున్నారు. మా పెద్దాయన ఒప్పుకోలేదు. నాలుక వద్దు, ముక్కు వద్దు, కడ్డీ వద్దు. అమ్మవారి ముందు దించిన గుండిగను వెనక్కు తీసుకుపోయి పొయ్యి ఎక్కించడం అసలే వద్దు. ఇంక మిగిలింది సుద్దముక్క ఒక్కటే.

"సరేలే" అంది. "గంటను నమ్ముకుంటా. గంటకు ఎంగిలి లేదు కదా?"

జాతర ఉదయం పాయసం రెండు గుండిగలు వండారు. మొదటిది తెల్లవారుతూనే దిగింది. పాలు ఆడవాళ్ళ సంఘం వాళ్ళు ఇంటింటి నుంచి తెచ్చి పోసినవి. గంటలత్త దాని మీద 6 అని రాసింది. రెండోదాని మీద 8. పదికంతా అమ్మవారి జ్యోతులు ఊరేగింపుగా వస్తాయి, నైవేద్యం అయిపోయి అందరూ తింటారని లెక్క. జ్యోతులు పక్క ఊరి రైలు గేటు దగ్గరే ఆగిపోయాయి. పది దాటింది. పదకొండు దగ్గరకొచ్చింది. పొయ్యిలు ఆర్పి నీళ్ళు చల్లేశారు. మొదటి గుండిగ వండినవాళ్ళు స్నానాలకూ కొత్తచీరలకూ ఇండ్లకు పోయారు.

గంటలత్త ఆ మొదటి గుండిగ చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇది పెట్టే పని లేదప్పా. చేతులు కడుక్కోనొచ్చి చెప్తా వాళ్ళకు" అని నాతో అని, కుళాయి వైపు పోయింది.

అప్పుడు చేశాను ఆ పని. ఎందుకు చేశానో నాకు ఇప్పటికీ ఒక్క కారణం దొరకదు. అందరి పాలు గుంతలో పోస్తారే అన్నది కొంత. ఈ రోజు ఈమె తినదే అన్నది కొంత. కానీ దాచి లాభం లేదు, ఎక్కువ భాగం కోతితనమే. ఎవరికీ గోళ్ళు చూపించని మనిషి, ఒక్క తప్పూ చేయని మనిషి, తన రాతను తానే గుర్తుపడుతుందో లేదో చూద్దామని. నేల మీద పడున్న సుద్దముక్క తీసి ఆరు తోకను కిందికి వంచి కలిపాను. ఒక్క గీత. ఎనిమిది అయింది.

ఆమె చేతులు విదిలించుకుంటూ వచ్చి గుండిగ ముందు నిలబడింది. చూసింది. పక్క గుండిగను చూసింది. మళ్ళీ దీన్ని చూసింది.

"రెండూ ఎనిమిదేనా? ఒకటి ఆరు అనుకుంటినే."

నేను నవ్వు ఆపుకుంటున్నాను.

"ఏమప్పా, ఇది ఎప్పుడు దించిరి?"

"నువ్వు రాసింది నన్నడుగుతావేమత్తా?"

అబద్ధం కూడా కాదు చూడండి. జీవితంలో ఒక్కసారి అబద్ధం ఆడకుండా మాట్లాడాను. ఆమె, "నిజమే, నేను రాసిందే కదా" అని తలూపింది. ఇంకో నిమిషం ఏడిపించి చెప్పేద్దామనే ఉన్నాను. అంతలో తప్పెట్లు వినబడ్డాయి, జ్యోతులు ఊళ్ళోకి వచ్చేశాయి. గాలి లేచి షామియానా మూల తాడు తెగింది. "ఏయ్ షామియానాయనా!" అని నలుగురు అరిచారు. పరుగెత్తాను. తాడు కట్టి, గుంజ దిగ్గొట్టి తిరిగి వచ్చేసరికి రెండు గుండిగలూ అమ్మవారి ముందు ఉన్నాయి. వెనక్కు తీయకూడని చోట.

అప్పుడైనా అరవవచ్చు. ఊరి కట్టు తప్పినా పర్వాలేదని అరవవచ్చు. రెండు గంటల తేడాకు పాయసానికి ఏమవుతుందిలే అనుకున్నాను. ఆమె చెప్పిందంతా విని కూడా, పసుపు చేతులు చూసుకొని కూడా, అట్లా అనుకున్నాను.

సాయంత్రానికి బడి వరండాలో చాపలు పరిచారు. వాంతులు, విరేచనాలు. సెలైన్ సీసాలు తగిలించడానికి చోటు చాలక నా షామియానా గుంజలు తెచ్చి పాతారు. పెండ్లిళ్ళకు రంగుకాగితాలు వేలాడే గుంజలకు ఆ సీసాలు వేలాడుతుంటే చూశాను. ఎవరూ పోలేదు, అదొక్కటే దేవుడు చేసిన మేలు. గంటలత్త కూడా తిన్నది, కడపటి పంక్తిలో, అడుగుది. ఒక చేతిలో తాను కక్కుకోవడానికి డబ్బా, ఇంకో చేతిలో ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళ చెంబు. చాప చాపకూ వంగి తాగించింది. "కొంచెం కొంచెం తాగు నాయనా. గుటకలెయ్యద్దు" అంటూ, మధ్యలో పక్కకు పోయి కక్కుకొని, మూతి కడుక్కొని, చేతులు సబ్బుతో కడుక్కొని, మళ్ళీ వచ్చేది.

మరుసటి ఉదయం పెద్దలు కూర్చున్నారు. మొదటి గుండిగ వండిన ఆడవాళ్ళలో ఒకామె, తన కూతురు ఇంకా చాప మీదే ఉన్న మనిషి, లేచి అడిగింది.

"దాన్ని మేము ఆరుకు దించితిమత్తా. ఆరు గంటల బస్సు హారను కొట్టేటప్పుడు నేనూ మా యారాలూ ఇద్దరం పట్టుకోని దించితిమి. నువ్వు ఎనిమిదని ఎట్ల రాసినావు?"

గుండిగ అక్కడే ఉంది, ఇంకా తోమలేదు. గంటలత్త కళ్ళద్దాలు పెట్టుకొని దాని దగ్గరకు పోయి వంగి చూసింది. చాలాసేపు చూసింది. నేను నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నేనే కలిపానని అప్పుడైనా చెప్పాలి. చెప్పలేదు. ఊరంతా నా మీద పడుతుందని భయం. అంతకంటే, ఇది నవ్వులాటకు చేశానని ఆ చాపల మధ్య ఎట్లా చెప్పాలో తెలియక.

ఆమె నడుము పట్టుకొని లేచింది.

"నా చేతి రాతే" అంది. "ఆరును నేనే ఎనిమిదని రాసినా. నాదే తప్పు."

పెద్దాయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. మెత్తగా అన్నాడు: "పోనీలే అత్తా. వయసైపాయ. ఇంక ఇంటి పట్టున ఉండరాదా."

ఆమె తలూపింది. తిత్తి విప్పి, కడ్డీ ఉన్న కళ్ళద్దాల డబ్బా తీసి, బస్సు హారను సంగతి చెప్పిన ఆమె చేతిలోనే పెట్టింది. "నువ్వు గంట సరిగ్గ గుర్తు పెట్టుకున్యావు. నీ దగ్గర ఉండనీ ఇది."

తర్వాత ఆమె ఏ వంటకూ పోలేదు. పిలవడానికి వచ్చినవాళ్ళతో, "నా తలకాయి పని చేయడం లేదప్పా. నన్ను నమ్ముకుంటే జనం పోతారు" అనేది. నేర్చుకున్నవాళ్ళు ఊరూరా గంటలు రాస్తూనే ఉన్నారు. నేర్పిన మనిషి ఇంట్లో కూర్చుంది.

ఊరికే కూర్చోలేదు. ఆరు నెలల తర్వాత ఇంటికి పోతే, వంటింటి గోడంతా సుద్దముక్క రాత. పాలు కాంచింది 7. మాత్ర 8. కోడలు నీళ్ళకు పోయింది 9. మాత్ర ఏసుకున్నట్ల రాసింది నిజమే 9. ఆ చివరి దాన్ని రెండుసార్లు చదివాను. రాసుకున్నదాన్ని నమ్మలేక, నమ్మవచ్చు అని మళ్ళీ రాసుకుంది. పొయ్యి ఆర్పిందా లేదా అని ఒక్క పూటలో నాలుగుసార్లు లేచి చూస్తుందని కోడలు చెప్పింది. "డాక్టరు దగ్గరికి పిలుచుకోని పోతిమన్నా. ఏమీ లేదు, తల శుబ్రంగ ఉండాదన్యాడు. ఆయనకేం తెలుసు అంటుంది అత్త."

ఆ రోజు చెప్పడానికే పోయాను. నన్ను చూడగానే ఆమె మొహం విచ్చుకుంది. "ఏమప్పా, ఈ మద్దె ఏమీ జరగలేదా?" అంది. నేను, రాప్తాడు హైవే మీద నా షామియానా గాలికి లేచి లారీ డ్రైవరును ఎత్తుకుపోయి కర్ణాటకలో దించిన కత చెప్పి వచ్చేశాను. ఆమె కడుపు పట్టుకొని నవ్వింది. మరోసారి పోయాను. మరో కత చెప్పాను. నవ్వుతున్న మొహం మీద ఆ మాట వేయడానికి నాకు చెయ్యి రాలేదు. నిజం చెప్పాలంటే నా మొహం ఆమె కళ్ళలో ఎట్లా మారుతుందో చూడటానికి ధైర్యం చాల్లేదు.

మూడోసారి పోయేటప్పటికి ఆమె మంచం పట్టింది. జ్వరం, ఆయాసం. మాట మాత్రం స్పష్టంగా ఉంది. పొద్దున పది గంటలు. మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ఏమీ జరగలేదా అని ఆమె అడగకముందే మొదలుపెట్టాను.

"అత్తా, మా ఊరి జాతరలో ఆ ఎనిమిది నువ్వు రాయలేదు. నువ్వు రాసింది ఆరే. నువ్వు చేతులు కడుక్కునేకి పోయినప్పుడు నేను దాని తోక కలిపినా. నేనే. నువ్వు గుర్తుపడ్తావో లేదోనని. మళ్ళ చెప్దామనుకుంటి, చెప్పలేదు. నీ తలకాయి బాగుండాదత్తా. ఎప్పుడూ చెడలేదు."

ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆమె కళ్ళు మూసుకొని విన్నది. కళ్ళ చివర తడి కనబడింది. తర్వాత నెమ్మదిగా నవ్వింది.

"ఎంత బాగ కట్టినావప్పా."

"కట్టలేదత్తా! నిజం."

"ఎప్పుడూ గుండిగంత చెప్పేవానివి. ఈ తూరి గీతంత చెప్పినావు, నమ్ముతాననేసి. నా మీద ఉండేదాన్ని నీ నెత్తికి ఎత్తుకుంటాండావు. వద్దు. నా రాత నాకు తెలీదా? కండ్లద్దాలు పెట్టుకోని చూస్తి కదా."

"మా నాయన మీద ఆన!"

"లారీ డ్రైవరు కతకూ మీ నాయన మీదే ఆన పెడితివి."

నా దగ్గర ఇంక పెట్టడానికి ఏ ఆనా మిగల్లేదు. ఉన్నవన్నీ నవ్వించడానికి ఖర్చు పెట్టేశాను. ఆమె మోచేయి ఆనించుకొని కొంచెం లేచి వంటింటి వైపు పిలిచింది.

"ఏయ్ పిల్లా, ఇట్ల రా. ఈయప్ప నా కోసరం ఏం చెప్తాండాడో విను. చెప్పప్పా, ఇంకొక తూరి చెప్పు."

కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. చెప్పాను. అదే జాతర, అదే గుండిగ, అదే గీత. గంటలత్త మధ్య మధ్యలో, "అప్పుడు నేను యాడుండా?" అని తెలిసి తెలిసి అడుగుతూ, "కుళాయి కాడ" అంటే "ఆఁ, కుళాయి కాడ" అని తలూపుతూ, ఎప్పుడూ నా కతలు వినేటట్టే విన్నది. రెండోసారి చెబుతుంటే నా గొంతు నా మాట వినలేదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది, ఎక్కడ ఊపు తేవాలో అక్కడ తెచ్చింది. నేను చేసిన పని నా నోట్లోంచే కతలాగా బయటికి వచ్చింది.

కోడలు కొంగుతో కళ్ళు ఒత్తుకొని, "నువ్వు మంచోనివన్నా" అంది.

"చూసినావా?" అంది గంటలత్త ఆమెతో. ఆయాసం మధ్యలో నా చెయ్యి వెతికి పట్టుకుంది. "ఈ ఇంటికొచ్చిన అబద్దాల్లో ఇంత మంచిది ఇంకొకటి లేదు."

ఆ తర్వాత పన్నెండో రోజు పోయింది. నన్ను మంచివాడనుకుంటూ పోయింది.